రేడియోగ్రామ్ నుంచి కంప్యూటర్ బీరువా దాకా: ఒకే పెట్టెలో పాట, అంతరాయం

"అంతరాయానికి చింతిస్తున్నాము" అనే అక్షరాలు దూరదర్శన్ తెరమీద మనం ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. ఆ అంతరాయాలు ఎక్కడో స్టూడియోలోనో, ట్రాన్స్‌మిటర్ దగ్గరో వచ్చినవి. ఇక్కడ వ్రాయబోయేది వాటి సంగతి కాదు. మన ఇంట్లోనే, మనమే ఒక పెట్టెలో పక్కపక్కన కూర్చోబెట్టిన రెండు పరికరాలు ఒకదానినొకటి చెడగొట్టుకునే సంగతి.

అనకాపల్లిలో ఇప్పుడు కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు చాలామంది హాలులో గోడ పొడవునా చెక్కపని చేయిస్తున్నారు. నడుమ టీవీ, కింది అరలో సినిమాలు, పాటలు, పెళ్ళి ఫొటోలు దాచుకునే కంప్యూటరు, దాని పక్కనే గుండెలదిరేలా మోగే సబ్‌వూఫర్. మన పిల్లలు దానిని 'ఊఫర్' అనేస్తారు. అన్నింటినీ ఒకే బీరువాలో, తలుపు వేస్తే కనబడకుండా అమర్చమని వడ్రంగి మేస్త్రీని అడుగుతారు. చూడడానికి ముచ్చటగానే ఉంటుంది. వారం తిరగకుండానే గుంయ్‌మని మోత మొదలవుతుంది, అరల తలుపులు టకటకలాడతాయి, ఒక్కొక్కచోట కంప్యూటరు మొరాయిస్తుంది. ఇదేదో ఈ కాలపు కొత్త జబ్బని కుర్రవాళ్ళు అనుకుంటారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పై ఏళ్ళు తీగలతో కుస్తీ పట్టిన నాబోటివాడికి మాత్రం ఇది పాత చుట్టమే. కరెంటు మోత, అదురు, అయస్కాంతం అనే ఈ ముగ్గురూ దాదాపు నూరేళ్ళుగా పాట పెట్టెలో కాపురం ఉంటున్నవారే. ఒక్కొక్క కాలంలో ఒక్కొక్కరిది పైచేయి.

ముందుగా కరెంటు మోత. 1938 జూన్ 16న మద్రాసులో ఆలిండియా రేడియో కేంద్రం మొదలైంది. మనవాళ్ళు తొలినాళ్ళలో తెలుగు కార్యక్రమాలు విన్నది అక్కడినుంచే. 1948 డిసెంబరు 1న విజయవాడ కేంద్రం, 1963లో విశాఖపట్నం కేంద్రం వచ్చాయి. విశాఖ కేంద్రం రాకముందు మనకు దగ్గరదంటే మూడు వందల కిలోమీటర్లకు పైబడిన విజయవాడే. ఇంటి కప్పుమీద రెండు వెదురు గెడల నడుమ రాగి తీగ ఏరియల్ కట్టి, ఇంకొక తీగ భూమిలోకి దింపి, పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టి రేడియో వినేవారు. ఆ లైసెన్సు బాధ 1980ల మధ్యకు గాని వదలలేదు. కరెంటు లేని ఇళ్ళలో బ్యాటరీ సెట్లుండేవి. బ్యాటరీ కరెంటు ఒకే దిక్కుగా నిలకడగా పారుతుంది. అందుచేత ఆ సెట్లలో గరగరలు, పిడుగుల చిటపటలు వినపడేవి గాని గుంయ్‌మనే మోత ఉండేది కాదు. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం పని ప్రారంభించాక మన ప్రాంతంలో కరెంటు విస్తరించింది. దీపంతోపాటు ఆ మోత కూడా చాలా ఇళ్ళలో అడుగుపెట్టింది.

మన కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకు వెనుకకు ఊగుతుంది. రేడియో దానిని ఒకవైపు పారే కరెంటుగా మార్చుకుంటుంది. ఆ మార్పులో సెకనుకు 100 చొప్పున చిన్న చిన్న అలలు మిగిలిపోతాయి. వీటిని అణచడానికి ఇనుప ముద్దమీద చుట్టిన పెద్ద తీగచుట్ట ఒకటి కావాలి. ఇక్కడే ఒక గడుసు పొదుపు జరిగింది. 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ తయారుచేసిన లౌడ్‌స్పీకరే నేటి స్పీకర్లన్నిటికీ తాత. కాగితపు శంకువు, దాని మెడకు తీగచుట్ట, ఆ చుట్టను అటూ ఇటూ లాగే అయస్కాంతం. ఆ రోజుల్లో బలమైన శాశ్వత అయస్కాంతాలు చౌకగా దొరకవు. అందుకని స్పీకరు వెనుక విద్యుదయస్కాంతం పెట్టి, రేడియో కరెంటునే దాని గుండా పంపేవారు. అలలు అణచే చుట్ట, అయస్కాంతపు చుట్ట రెండూ ఒకటే అయినాయి. తీరా చూస్తే, అణచవలసిన అల కాస్తా అయస్కాంతంలోకే చేరి, పాట ఆగినప్పుడు కూడా స్పీకరు గుంయ్‌మనేది. విరుగుడుగా మరికొన్ని చుట్ల తీగను ఎదురు దిక్కుగా చుట్టి స్వరపు చుట్టతో కలిపారు. ఒక మోతకు ఎదురు మోత పెట్టి రెండింటినీ హరించే ఈ ఉపాయం నాకు మహా ఇష్టం.

మా టెలిఫోనుల్లోనూ ఇదే నీతి. అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1881లోనే జంట తీగలను పురి పెట్టడానికి పేటెంటు పుచ్చుకున్నాడు. పురి పెట్టిన రెండు తీగలమీదా బయటి మోత సమానంగా పడుతుంది, చివర ఒకదానిలోంచి ఒకటి తీసివేస్తే మాట మాత్రం మిగులుతుంది. ఇంటర్నెట్ కేబుల్ విప్పి చూస్తే నేటికీ లోపల పురి తీగలే.

ఇక రెండవవాడు అదురు. పెళ్ళిపందిరిలో మైకును లౌడ్‌స్పీకరుకు ఎదురుగా పెడితే కీచుమని కూత వస్తుంది గదా. స్పీకరు శబ్దం మైకులోకి, మైకుదే మళ్ళీ స్పీకరులోకి గానుగెద్దులా తిరగడమే ఆ కూత. రేడియోగ్రామ్ అనే నిలువెత్తు టేకు పెట్టె కలవారి ఇళ్ళలో కొలువుతీరినప్పుడు ఈ జబ్బే బొంగురు గొంతుతో వచ్చింది. పైన గ్రామఫోను పళ్ళెం, మధ్య రేడియో, కింద స్పీకరు, అన్నీ ఒకే చెక్క చట్రంలో. స్పీకరు పలికే మంద్రస్వరానికి చెక్క అదురుతుంది, ఆ అదురు పైన రికార్డుమీది ముల్లుకు చేరుతుంది, ముల్లు దానిని కూడా పాటే అనుకుని మళ్ళీ స్పీకరుకు పంపిస్తుంది. పాత 78 రికార్డుల బరువైన ముల్లుకు ఇది అంతగా పట్టేది కాదు. 1948లో వచ్చిన లాంగ్ ప్లే రికార్డులో అంగుళానికి రెండు మూడు వందల గాడులు, ముల్లు తేలిక, స్పీకర్లూ బలిసినాయి. దాంతో మూలుగు ఎక్కువైంది. కంపెనీలవారు పళ్ళాన్నంతటినీ స్ప్రింగులమీద తేల్చి కూర్చోబెట్టారు. రవాణాలో బిగించే మరలను ఇంటికి వచ్చాక వదులు చెయ్యాలని కాగితంమీద వ్రాసి పంపేవారు. ఆ కాగితం చదివేవారు తక్కువ. మరలు వదులు చెయ్యగానే రోగం కుదిరిందని మెకానిక్కుకు చేతికి మొక్కిన ఇళ్ళున్నాయి.

అయస్కాంతం మూడవవాడు. ఇతడు చాలాకాలం సాధువుగానే ఉన్నాడు. యుద్ధం తరువాత ఆల్నికో అనే మిశ్రలోహపు అయస్కాంతాలు విరివిగా వచ్చాయి. వాటిని ఇనుప గిన్నె నడుమ బిగించేవారు గనుక శక్తి బయటికి పెద్దగా పొక్కేది కాదు. 1950ల ఆరంభం నుంచి నల్లని ఫెరైట్ అయస్కాంతాలు చౌకగా రాసాగాయి. 1978లో ఆఫ్రికాలోని జైర్‌లో అలజడి రేగి, ఆల్నికోకు కావలసిన కోబాల్టు ధర చుక్కలనంటేసరికి స్పీకర్లవాళ్ళు మొగ్గంతా ఫెరైటువైపే చూపారు. ఫెరైటు పెద్ద గారెలా వెడల్పుగా ఉంటుంది, చుట్టూ కప్పు ఉండదు, దాని శక్తి జానెడు దూరం దాకా బయట తిరుగుతుంది. మన దేశంలో 1982 ఆగస్టు 15న రంగుల టీవీ ప్రసారాలు మొదలయ్యాయి. గాజు గొట్టపు రంగుల టీవీలో ఎలక్ట్రాన్ పుంజం సన్నని రంధ్రాల రేకు గుండా దూరి తన రంగు చుక్కమీదనే పడాలి. పక్కన స్పీకరు పెడితే అయస్కాంతం ఆ పుంజాన్ని వంచేది. కథానాయిక ఒక చెంప ఆకుపచ్చ, ఒక చెంప ఊదా. సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం అడ్డుపెట్టి చూసినవారూ ఉన్నారు. వెండికాగితం అల్యూమినియం, నిలకడగా ఉన్న అయస్కాంత బలాన్ని ఇనుమే పక్కకు మళ్ళించగలదు, అల్యూమినియం వల్ల కాదు. కంపెనీలు చేసిన పని ఏమంటే, స్పీకరు వెనుక రెండవ అయస్కాంతాన్ని తలకిందుగా అతికించి, పైన ఇనుప టోపీ తొడిగారు. మోతకు ఎదురు మోత, అయస్కాంతానికి ఎదురు అయస్కాంతం.

సబ్‌వూఫర్ ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. మంద్రస్వరం పలకాలంటే గాలిని చాలా కదల్చాలి. శంకువు ముందు గాలి నొక్కుకున్నప్పుడు వెనుక గాలి పలచబడుతుంది. రెండూ కలిస్తే శబ్దం హరించుకుపోతుంది. అందుకే స్పీకరుకు పెట్టె. బెల్ ప్రయోగశాలకు చెందిన ఆల్బర్ట్ థురాస్ పెట్టెకు ఒక బిలం పెట్టి, వెనుక శబ్దాన్ని సరైన సమయానికి ముందుకు తెచ్చే ఉపాయానికి 1932లో పేటెంటు పొందాడు. 1954లో ఎడ్గర్ విల్చర్ దానికి పూర్తిగా వ్యతిరేకంగా, గాలి చొరబడని చిన్న పెట్టె చేసి, లోపలి గాలినే స్ప్రింగుగా వాడుకున్నాడు. 1961లో ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్, తరువాత 1970లలో రిచర్డ్ స్మాల్ ఏ స్పీకరుకు ఎన్ని లీటర్ల పెట్టె కావాలో లెక్కకట్టే సూత్రాలు ఇచ్చారు. అంతదాకా వడ్రంగి చేతివాటమైనది అక్కడినుంచి గణితమైంది. 1974లో 'ఎర్త్‌క్వేక్' అనే హాలీవుడ్ సినిమా కోసం హాళ్ళలో భూకంపపు గడగడ పుట్టించే పెద్దపెద్ద స్పీకర్లు దించారు. ఆ గడగడే కుదించుకుని ఇళ్ళకు చేరి ఊఫరైంది.

1989లో సింగపూరుకు చెందిన క్రియేటివ్ కంపెనీ సౌండ్ బ్లాస్టర్ కార్డు విడుదల చేసింది. అంతదాకా కూతలు మాత్రమే కూసిన కంప్యూటరు పాట పాడింది. 1990ల చివరకు వీసీడీలో తెలుగు సినిమాలు వచ్చాయి. రెండు చిన్న స్పీకర్లు, ఒక ఊఫరు కలిపిన సెట్టు బజారులో దొరకసాగింది. కంప్యూటరు బల్లలు తయారుచేసే మేస్త్రీలు మానిటరు కింద ఒక అర, పక్కన యూపీఎస్‌కు అర, మూలన ఊఫరుకు అర ఏర్పాటు చేశారు. మన పాత ముగ్గురికీ ఒకేసారి వసతి దొరికినట్లయింది. మానిటరు గాజు గొట్టందే గనుక అయస్కాంతానికి రంగులు మారేవి. కరెంటు మోత సరేసరి. అన్నిటికంటె ముఖ్యం, రికార్డుమీది ముల్లు స్థానంలో హార్డ్ డిస్కు వచ్చి కూర్చుంది.

హార్డ్ డిస్కు అంటే లోపల గ్రామఫోనే. తిరిగే పళ్ళెం, దానిమీద చదివే చెయ్యి. ఎల్పీలో అంగుళానికి రెండు మూడు వందల గాడులుంటే, దీనిలో లక్షకు పైగా గీతలు. ఆ చేతిని కదిపే మోటారును ఇంగ్లీషులో పిలిచే పేరు 'వాయిస్ కాయిల్'. అక్షరాలా లౌడ్‌స్పీకరు స్వరపు చుట్టే, పాట పాడడం మాని చెయ్యి తిప్పుతోంది. దానికి కావలసిన బలమైన అయస్కాంతం డిస్కు లోపలే ఉంటుంది. కాబట్టి ఊఫరు అయస్కాంతం కాస్త ఎడంగా ఉంటే దాచిన సమాచారం చెరిగిపోతుందన్న భయం అక్కరలేదు. భయపడవలసింది అదురుకు. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్కు సెకనుకు 120 సార్లు, 5400 చుట్లది 90 సార్లు తిరుగుతుంది. ఊఫరు పాడే స్వరాలు కూడా సుమారు 30 నుంచి 120 మధ్యవే. ఇద్దరూ ఒకే వీధిలో ఉన్నారన్నమాట.

దీనికి తార్కాణంగా ఒక విచిత్రమైన కథ 2022 ఆగస్టులో బయటికి వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఇంజనీరు రేమండ్ చెన్ చెప్పాడు. విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో జానెట్ జాక్సన్ 1989 నాటి పాట 'రిథమ్ నేషన్' పెడితే ఒక కంపెనీ ల్యాప్‌టాపులు ఆగిపోయేవి. ఇంకా చోద్యం, ఒక ల్యాప్‌టాపులో పాట పెడితే పక్కనున్న, పాట పాడని ల్యాప్‌టాపు కూడా ఆగిపోయింది. ఆ పాటలోని ఒక స్వరం 5400 చుట్ల డిస్కు సహజమైన ఊపుతో సరిగ్గా కలిసిందట. కంపెనీవారు ఆ స్వరాన్ని వడగట్టి తీసివేసే ఏర్పాటు చేసి గట్టెక్కారు. ఈ లోపానికి భద్రతా లోపాల పట్టికలో 38392 అనే సంఖ్య కూడా ఇచ్చారు.

నా మిత్రుడొకాయన గవరపాలెంలో ఉండేవారు. తల్లిగారు పాడిన మంగళహారతులు, పెళ్ళిపాటలు మూడు క్యాసెట్లలో ఉంటే, మనవడు వాటిని కంప్యూటరులోకి ఎక్కించాడు. టేపు బూజు పట్టిందని క్యాసెట్లు పారవేశారు. కంప్యూటరూ ఊఫరూ తలుపున్న ఒకే అరలో ఉండేవి. రెండు వేసవులకు డిస్కు టకటకమని నోరు మూసుకుంది. విశాఖపట్నం తీసుకువెళ్ళి చూపించినా ఫలితం లేకపోయింది. "పోయిందల్లా డబ్బయితే బాగుండును గురువుగారూ" అన్నారు నాతో. అదురు వల్లనే పోయిందని నేను ఒట్టు పెట్టలేను. మూసిన అరలో ఎండాకాలపు వేడి కూడా అంతటి శత్రువే. రెండూ కలిశాయన్నదే నా అభిప్రాయం. ఆ గొంతు మరి ఎక్కడా లేదు.

అందుకని, ఒకే బీరువాలో పెట్టాలని పట్టుబట్టే పిల్లలకు చెప్పవలసిన మొదటి మాట ఇది: ఊఫరుకు గాలి బిగించిన గది కావాలి, కంప్యూటరుకు గాలి ఆడే గది కావాలి. ఒకే గది రెండింటికీ పనికిరాదు. ఇద్దరినీ కలిపితే ఊఫరు తోసే గాలి కంప్యూటరు కంతల్లోంచి పోయి మంద్రమూ పోతుంది, దుమ్మూ చేరుతుంది. కాబట్టి బీరువా లోపల ఊఫరుకు వేరే పెట్టె కట్టాలి. ముప్పాతిక అంగుళం ప్లైవుడ్ గాని ఎం.డి.ఎఫ్. గాని వాడి, కీళ్ళన్నీ జిగురుతో నింపి, తీగ వచ్చే కంత కూడా మూయాలి. లోపలి కొలత ఆ స్పీకరుతో వచ్చిన కాగితంలోని థీల్, స్మాల్ లెక్కల ప్రకారం ఉండాలి గాని అర ఖాళీని బట్టి కాదు. బిలం ఉన్న రకమైతే ఆ బిలం ముందు చెక్క అడ్డు రాకూడదు. కర్ర బరువుగా, మొద్దుగా ఉంటే మంచిది. మన జిల్లాలోని ఏటికొప్పాక బొమ్మల అంకుడు కర్ర తేలిక, మెత్తన. లక్కబొమ్మకు దానిని మించింది లేదు గాని ఈ పనికి అది వద్దు. ఈ లోపలి పెట్టె బీరువాను నేరుగా తాకకుండా కింద రబ్బరు దిమ్మలు ఉండాలి. డిస్కును బిగించే మరలకూ రబ్బరు ఉంగరాలు వేయాలి. రేడియోగ్రామ్ స్ప్రింగులు గుర్తున్నవారికి ఇదంతా విప్పి చెప్పనక్కరలేదు.

నన్నడిగితే ఊఫరును బీరువాలోంచి బయటికి తెచ్చి మూలన పెట్టడమే మేలు. సెకనుకు 30 సార్లు ఊగే స్వరం కెరటం పొడవు పదకొండు మీటర్లకు పైమాట, అంటే 37 అడుగులు. మన హాళ్ళకంటె కెరటమే పొడవు. అంత కింది స్వరం ఎటునుంచి వస్తున్నదో చెవి పోల్చుకోలేదు. టీవీ కిందనే ఉండాలన్న నియమం లేదు.

పెద్దవారికి ఇంకొక మాట. వయస్సు పైబడిన చెవికి ముందు తగ్గేవి హెచ్చు స్వరాలు. మాటలో స, త, ఫ వంటి హల్లులు వాటిలోనే ఉంటాయి. మంద్రం మాత్రం చివరిదాకా వినపడుతుంది. ఊఫరు పెంచితే ఆ మోత హల్లులను మరింత కప్పేస్తుంది. తాతగారికి సినిమాలో బాంబు వినపడుతుంది గాని మాట వినపడదు. శబ్దం పెంచమనకండి, ఊఫరు తగ్గించమనండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు స్పీకరు అయస్కాంతాన్ని ఛాతీకి జానెడు దూరంలోపలకు తేకూడదు. విప్పి ఒళ్ళో పెట్టుకుని చూసే సరదా మానుకోవాలి.

ఇప్పటి పరిస్థితి ఏమంటే, ముగ్గురిలో ఇద్దరి జోరు తగ్గింది. పలక టీవీలు వచ్చాక అయస్కాంతపు రంగుల బాధ పోయింది. తిరిగే పళ్ళెం లేని ఎస్.ఎస్.డి. వచ్చాక అదురు భయం కంప్యూటరు లోపల తగ్గింది. అయితే ఫొటోలు దాచుకునే విడి హార్డ్ డిస్కులు నేటికీ చాలావరకు తిరిగేవే. వాటిని తీసుకువెళ్ళి ఊఫరు నెత్తిమీద పెట్టే ఇళ్ళు నేను చూస్తూనే ఉన్నాను. అక్కడినుంచి తీయించండి. గొంతులు, ఫొటోలు ఏవైనా సరే రెండవ ప్రతి ఇంకొక చోట, వీలైతే ఇంకొక ఇంట్లో, ఉంచండి.

మిగిలింది కరెంటు మోత. కంప్యూటరు ఎర్తు ఒక దారిన, టీవీ కేబులు ఎర్తు మరొక దారిన భూమిని చేరితే, రెండింటి నడుమ గొలుసు ఏర్పడి 50 మోత ఊఫరులోకి పారుతుంది. పన్నెండడుగుల గది తనంతట తాను 47, 48 దగ్గర మారుమోగుతుంది గనుక ఆ మోతకు గది కూడా తాళం వేస్తుంది. పరీక్ష సులువు. కేబులు తీగ ఊడదీయండి, మోత ఆగితే దోషం అక్కడే. అప్పుడు ఆ తీగకు ఎర్తును విడదీసే చిన్న పరికరం వేయించాలి. టీవీ, కంప్యూటరు, ఊఫరు ఒకే ప్లగ్గుబల్లకు తగిలించాలి. పాట తీగను కరెంటు తీగ వెంట పడుకోబెట్టకూడదు, దాటవలసివస్తే అడ్డంగా దాటించాలి. మోత పోతుందని మూడో పిన్ను విరిచేసేవారున్నారు. మోత పోయే మాట నిజమే, ఏదో ఒకనాడు రేకు పెట్టె ముట్టుకున్న మనిషి కూడా పోవచ్చు. ఆ పని ఎవరినీ చెయ్యనివ్వకండి.

చాలా ఇళ్ళలో అసలు దోషం పెరట్లో ఉంటుంది. ఇల్లు కట్టిననాడు బొగ్గు, ఉప్పు వేసి పూడ్చిన ఎర్తు గొయ్యి మళ్ళీ ఎవరికీ గుర్తుండదు. మట్టి ఎండిపోతే ఎర్తు పనిచెయ్యదు. మార్చి నుంచి వానలు పడేదాకా వారానికి రెండు బిందెల నీళ్ళు ఆ గొయ్యిలో పోయించండి.